పాస్‌బుక్కును కాటాకు వేయకండి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను బందరు మనిషిని. హైస్కూల్లో సోషల్ చెప్పి 2017లో రిటైరయ్యాను. పేపరుకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. పోయిన నెలలో మా వీధిలో జరిగిన ఒక సంగతి నన్ను రాయకుండా ఉండనివ్వలేదు.

మా ఎదురిల్లు పడగొట్టారు. పాత పెంకుటిల్లు. ఆ ఇంటి పిన్నిగారు పోయి చాలా ఏళ్లయింది. పెద్దబ్బాయి హైదరాబాదులో, చిన్నబ్బాయి అమెరికాలో ఉంటారు. స్థలం బిల్డరుకు ఇచ్చారు. కూలీలు అటక మీంచి ఒక రేకు ట్రంకుపెట్టె దించి, అందులో ఉన్న కాగితాలన్నీ పాత పేపర్లు కొనే బండి మీద గుమ్మరించారు. నేను మా గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. కాటాలో పెళ్లి శుభలేఖలు, కరెంటు బిల్లులు, పాత పంచాంగాలు. వాటి మధ్య అంచులు చెదలు కొట్టిన చిన్న పుస్తకం ఒకటి కనిపించింది. దూరం నుంచే పోల్చుకున్నాను. ఆంధ్రా బ్యాంకు సేవింగ్స్ పాస్‌బుక్.

"బాబూ, అదొక్కటీ ఇటివ్వు" అని అడిగాను.

"తీసుకోండి టీచరుగారూ, దాని బరువెంత, డబ్బులేం వద్దులెండి" అని ఇచ్చేశాడు.

లోపల పిన్నిగారి పేరు, ఖాతా నంబరు, చేత్తో రాసిన పద్దులు. ఇరవై, పదిహేను, నలభై, మళ్లీ పదిహేను. చివరి పద్దు 1996లో పడింది. ఆ రోజుకి 4,318 రూపాయల 40 పైసలు నిలవ ఉంది. తర్వాత పేజీలన్నీ ఖాళీ. ఆ ఖాతా తెరవడానికి సంతకం పెట్టింది మా అమ్మ. ఆ రోజుల్లో కొత్తగా ఖాతా కావాలంటే అప్పటికే ఖాతా ఉన్నవాళ్లొకరు "ఈ మనిషి నాకు తెలుసు" అని సంతకం చేయాలి. దాన్ని ఇంట్రడక్షన్ అనేవాళ్లు. మా వీధిలో పదకొండు మంది ఆడవాళ్లకు మా అమ్మే ఇంట్రడక్షన్ ఇచ్చింది. ఆ పదకొండు పుస్తకాల్లో ఎన్ని మిగిలాయో, ఎన్ని కాటా మీదికి పోయాయో అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా అమ్మ బ్యాంకు సంగతి చెప్పాలంటే మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి.

1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో వరి పండింది, రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. కానీ ఆ డబ్బు దాచుకునే చోటు ఏది? ఆడవాళ్లయితే బియ్యం డబ్బాలోనో, చీర మడతలోనో. మగవాళ్లు షావుకారు దగ్గర. పెద్ద మొత్తం ఉన్నవాళ్లు మద్రాసు కంపెనీలను నమ్మారు. 1906లో మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ కూలిపోయినప్పుడు డబ్బు దాచుకున్నవాళ్లు ఎందరో నష్టపోయారు. ఆ దెబ్బతోనే మనవాళ్ల బ్యాంకు మనకుండాలన్న పట్టుదల పుట్టి, 1907లో మద్రాసులో ఇండియన్ బ్యాంకు వచ్చింది.

బందరులో ఆ పని చేసింది ఒక డాక్టరు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు. గుండుగొలనులో 1880 నవంబరు 24న పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, బందరులో ప్రాక్టీసు పెట్టారు. తర్వాత ఆ ప్రాక్టీసు వదిలి స్వాతంత్ర్య ఉద్యమంలోకి వచ్చేశారు. అప్పటి బందరు ఎలాంటి ఊరో నా పిల్లలకు క్లాసులో చెప్పేదాన్ని. 1902 నుంచి కృష్ణాపత్రిక ఇక్కడే. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల ఇక్కడే. కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభిగారు కలిసి నడిపిన ఆ కళాశాలలో పింగళి వెంకయ్యగారు పాఠాలు చెప్పారు. చదువు మనదే ఉండాలి, పత్రిక మనదే ఉండాలి అనుకున్న ఊరు, డబ్బు దాచుకునే చోటు కూడా మనదే ఉండాలి అనుకుంది.

1923 నవంబరు 20న ఆంధ్రా బ్యాంకు రిజిస్టరైంది. ఆ నెల 28న పని మొదలుపెట్టింది. మధ్యలో 24న పట్టాభిగారికి 43 ఏళ్లు నిండాయి. కాగితం మీద మూలధనం 10 లక్షలు, చేతికి వచ్చింది లక్ష రూపాయలు. ఆ లక్షతోనే తలుపులు తీశారు. మరో రెండేళ్లకు, 1925లో, ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ. 1929లో భారతలక్ష్మి బ్యాంకు. ఇన్నీ ఈ ఒక్క ఊళ్లోనే, ఆ ఒక్క మనిషి చొరవతోనే. మన పాఠ్యపుస్తకాల్లో పట్టాభిగారు అనగానే 1939 త్రిపురి కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నిక, సుభాస్ చంద్రబోసు చేతిలో ఓటమి, ఆ ఓటమి తనదేనని గాంధీగారు అనడం, ఇంతే ఉంటుంది. ఓడిపోయిన ఎన్నిక కంటే నిలబెట్టిన బ్యాంకు ఎక్కువ మందికి అన్నం పెట్టిందని నేను ప్రతి ఏడూ బోర్డు మీద రాసి మరీ చెప్పాను.

ఆయన విషయంలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది తెలుగు పట్టుదల. ఉత్తరాల మీద చిరునామా కూడా తెలుగులోనే రాసేవారు. చదవలేకపోతున్నాం, ఇంగ్లీషులో రాయండి అని తపాలావాళ్లు అడిగితే, మా భాష చదవగలిగేవాళ్లను పెట్టుకోండి అన్నారట. తాను పెట్టిన బ్యాంకులో, ఇన్సూరెన్సు కంపెనీలో ఉత్తర ప్రత్యుత్తరాలు తెలుగులో నడవాలని చెప్పారు. ఇది చదివినప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఎందుకో చెబుతాను.

మాది చిలకలపూడి. రోల్డ్ గోల్డ్ నగలు అంటే చిలకలపూడి పేరు అందరికీ తెలుసు. ఆ పని సగం జరిగేది ఇళ్లలో, ఆడవాళ్ల చేతుల మీద. మా అమ్మ గొలుసులకు లింకులు కలిపేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుంటే మళ్లీ దీపాలు పెట్టేవేళకు లేచేది. వారానికోసారి కూలి వచ్చేది. ఆ డబ్బు గోడకున్న గూట్లో పసుపు డబ్బాలో వేసేది. మా నాన్నకు ఆ డబ్బా సంగతి తెలుసు. అవసరం పడ్డప్పుడల్లా డబ్బా ఖాళీ అయ్యేది. నాన్న చెడ్డమనిషి కాదు. ఇంట్లో కనిపించే డబ్బు ఇంట్లో ఖర్చయిపోతుంది, అంతే.

1968లో, నేను ఆరో క్లాసులో ఉండగా, పక్కవీధి కిరాణా కొట్టు ఆయన "అమ్మాయ్, అయిదు రూపాయలుంటే చాలు, బ్యాంకులో వేసుకో, నేను సంతకం పెడతాను" అన్నాడు. అమ్మ భయపడింది. బ్యాంకంటే మోతుబరులది అనుకునేది. ఇంకో భయం కూడా ఉంది. బ్యాంకు మునిగితే? ఆ భయం ఊరికే రాలేదు. 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడిన సంగతి అప్పటికి జనం ఇంకా మర్చిపోలేదు. ఆ దెబ్బ తర్వాతే 1962లో డిపాజిట్లకు ఇన్సూరెన్సు పెట్టారు. మొదట 1,500 రూపాయల వరకు, అమ్మ ఖాతా తెరిచిన 1968లో 5,000 వరకు. ఇప్పుడు 2020 ఫిబ్రవరి నుంచి 5 లక్షల వరకు. కిరాణా కొట్టు ఆయన ఈ లెక్క చెప్పగానే అమ్మ మొహంలో టెన్షన్ తగ్గడం నాకు ఇప్పటికీ గుర్తు. "నా జన్మకు అయిదు వేలు దాటవులే" అంది.

నన్ను వెంటబెట్టుకుని చిలకలపూడి నుంచి ఊళ్లోకి నడిచి వెళ్లింది. ఫారం మీద వేలిముద్ర వేయమన్నారు. ఇంకు ప్యాడ్ మీద బొటనవేలు అద్ది, కాగితం మీద ఒత్తింది. బయటికొచ్చాక చీర కొంగుతో ఆ వేలు ఎంతసేపు తుడుచుకుందో. ఇంటికొచ్చి పలక నా ముందు పెట్టింది. "నా పేరు రాయడం నేర్పు. ఇంకోసారి వేలు ఒత్తను" అంది.

అమ్మ పేరులో మూడే అక్షరాలు. చివరి అక్షరం "మ్మ". మొదటి రెండూ వారంలో వచ్చేశాయి. ఆ "మ"కు కింద "మ" ఒత్తు దగ్గర నెల పట్టింది. పైన తలకట్టు పెడితే కింద ఒత్తు మర్చిపోయేది, ఒత్తు పెడితే తలకట్టు ఎగిరిపోయేది. గొలుసు లింకు అంత సన్నని పని చేసే చేయి, బలపం పట్టుకుంటే వణికేది. నేను పన్నెండేళ్ల పిల్లని, విసుక్కున్నాను కూడా. అయినా వదల్లేదు. మూడు నెలల తర్వాత బ్యాంకుకు వెళ్లి ఇక మీదట సంతకం పెడతానని చెప్పింది. అక్కడి ఆఫీసరు కొత్త కార్డు తీసి, తన ఎదురుగా మూడుసార్లు రాయించుకుని, "బాగుందమ్మా, ఇదే ఎప్పుడూ ఇలాగే పెట్టాలి" అన్నాడు. తెలుగు సంతకం. ఇంగ్లీషు పొడి అక్షరాలు కాదు. అది చాలదని ఎవరూ అనలేదు. పట్టాభిగారి తెలుగు పట్టుదల నాకు పుస్తకంలో విషయం కాకుండా ఇంట్లో విషయం అయింది అందుకే.

అమ్మకు బ్యాంకు నేర్పిన రెండో పాఠం తేదీ. 2010 ఏప్రిల్ దాకా సేవింగ్స్ ఖాతాకు వడ్డీ రోజువారీ లెక్క కాదు. నెలలో 10వ తేదీ నుంచి ఆఖరి రోజు దాకా ఖాతాలో ఎంత తక్కువ నిలవ ఉంటే, దాని మీదే ఆ నెల వడ్డీ. పదకొండో తేదీన వంద వేసినా ఆ నెలకు ఆ వందకి వడ్డీ లేదు. 25న యాభై తీసినా ఆ యాభైకి నెలంతా వడ్డీ పోయినట్టే. ఇది అర్థమైన రోజు నుంచి అమ్మ క్యాలెండరులో ప్రతి నెలా 10 చుట్టూ పసుపుతో గుండ్రం చుట్టేది. డబ్బు వేయడం 10 లోపల. తీయడం తప్పనిసరైతే ఒకటి నుంచి తొమ్మిది మధ్యలో. ఈ కిటుకు వీధి ఆడవాళ్లందరికీ చెప్పింది. 8, 9 తేదీల్లో మా వీధి నుంచి ఇద్దరో ముగ్గురో కలిసి బ్యాంకుకు నడిచేవాళ్లు. వెళ్తే అదొక పూట పని. విత్‌డ్రాయల్ ఫారం ఇస్తే ఇత్తడి టోకెన్ చేతికిచ్చేవాళ్లు. ఫారం లెడ్జరు దగ్గరికి పోయి, ఆఫీసరు దగ్గరికి పోయి, క్యాషియరు దగ్గరికి చేరి నంబరు పిలిచేదాకా బెంచీ మీద కూర్చోవాలి. ఆ బెంచీ మీద ఎన్ని సంబంధాలు కుదిరాయో, ఎన్ని చీటీల తగవులు తీరాయో.

బందరు వాళ్లకు నవంబరు అంటే గుండె దడ. 1864 నవంబరులో వచ్చిన ఉప్పెనకు ఈ ఊళ్లో, చుట్టుపక్కల 30,000 మంది పోయారని చదువుకున్నాం. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన. పదివేల మందికి పైగా పోయిన ఆ రాత్రి బందరులో మా ఇంటి పెంకులు సగం లేచిపోయాయి. గూట్లో ఉన్న అమ్మ పాస్‌బుక్ నీళ్లలో నానింది. తెల్లారి చూస్తే సిరా అంతా కరిగి పేజీలన్నీ నీలం రంగు మరకలు. ఒక్క అంకె కనిపించలేదు. నేను అప్పుడు బీఈడీ చదువుతున్నాను. నా ఫీజు డబ్బు అందులోనే ఉంది. అమ్మ ఏడవలేదు. ఆ ముద్దయిన పుస్తకాన్ని గుడ్డలో చుట్టుకుని, విరిగిపడ్డ చెట్లు దాటుకుంటూ, బ్యాంకు తెరిచిన మొదటి రోజునే వెళ్లింది. నేనూ వెళ్లాను. కరెంటు లేదు. కిటికీ వెలుతురులో లెడ్జరు తిరగేసి ఆ క్లర్కు "మీ పుస్తకం తడిసిందమ్మా, మా పుస్తకం తడవలేదు" అని నిలవ చదివి వినిపించాడు. పైసలతో సహా. కొత్త పాస్‌బుక్ రాసిచ్చాడు. ఇంటి కప్పుకు, నా ఫీజుకు ఆ డబ్బే వచ్చింది. నేను టీచర్ని కాగలిగానంటే ఆ లెడ్జరు ఆ రోజు పైఅరలో ఉండబట్టి.

ఇక బ్యాంకు చరిత్ర మీ పాఠకులకు తెలిసిందే. 1964లోనే భారతలక్ష్మి బ్యాంకు ఆంధ్రా బ్యాంకులో కలిసింది. 1969లో 14 బ్యాంకులను జాతీయం చేసినప్పుడు ఆంధ్రా బ్యాంకు ఆ జాబితాలో లేదు. 1980 ఏప్రిల్ 15న మరో అయిదు బ్యాంకులతో పాటు దీని వంతు వచ్చింది. హెడ్డాఫీసు హైదరాబాదుకు ఎప్పుడో వెళ్లిపోయింది. 2019 ఆగస్టు 30న విలీనం ప్రకటన వచ్చింది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, ఉడుపిలో 1906లో పుట్టిన కార్పొరేషన్ బ్యాంకు, రెండూ యూనియన్ బ్యాంకులో కలిశాయి. లాక్‌డౌన్ రోజులు. ఊళ్లో ఎవరూ గడప దాటలేదు. తొంభై ఆరేళ్ల పేరు పోతుంటే కనీసం బ్యాంకు ముందు నిలబడి ఒకసారి చూసుకునే అవకాశం కూడా బందరు వాళ్లకు లేకపోయింది. పేరు ఉంచమని అప్పట్లో చాలామంది అడిగారు. నేనూ బాధపడ్డాను. ఇప్పుడు ఆ వాదన మళ్లీ ఎత్తడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. కలుపుకున్న బ్యాంకు కూడా స్వదేశీ రోజుల్లో, 1919లో, బొంబాయిలో పుట్టిందే. అక్కడ పనిచేసే పిల్లలు మా ఊరి పిల్లలే. మేమింకా "ఆంధ్రా బ్యాంకుకు వెళ్లొస్తాను" అనే అంటాం, వాళ్లూ దిద్దరు.

నేను చెప్పదలుచుకున్నది పాస్‌బుక్కుల గురించి.

మన ఇళ్లలో అటకల మీద, ట్రంకుపెట్టెల్లో, దేవుడి గూటి వెనకాల ఉన్న ఈ పుస్తకాలు చిత్తుకాగితాలు కావు. పుస్తకం మీద ఉన్న బ్యాంకు పేరు ఇప్పుడు లేనంత మాత్రాన అందులో డబ్బు ఎక్కడికీ పోలేదు. రెండేళ్లు మనం వేయడం, తీయడం లేకపోతే ఖాతా నిద్రాణం అవుతుంది. పదేళ్లు దాటితే ఆ డబ్బును రిజర్వు బ్యాంకు దగ్గరున్న ఒక నిధికి పంపిస్తారు. 2014లో పెట్టిన నిధి అది. నిధికి వెళ్లినా హక్కు మనదే. వారసులు ఎప్పుడడిగినా మన బ్యాంకే ఇచ్చి, తర్వాత నిధి నుంచి తెప్పించుకుంటుంది. సేవింగ్స్ ఖాతా అయితే నిధిలో ఉన్న కాలానికి వడ్డీ కూడా ఉంటుంది, 2021 మే నుంచి 3 శాతం. నిద్రాణమైన ఖాతాలో నిలవ తగ్గిందని జరిమానా వేయకూడదని, తిరిగి తెరవడానికి చార్జీ తీసుకోకూడదని 2024 ఏప్రిల్ నుంచి రిజర్వు బ్యాంకు రూలు కూడా ఉంది.

ఎవరి పేరున ఎక్కడ ఉందో వెతకడానికి 2023 ఆగస్టులో "ఉద్గమ్" అని ఒక వెబ్‌సైటు పెట్టారు. ఫోన్ నంబరుతో చేరి, పేరు, దాంతోపాటు పాన్ నంబరో, ఓటరు కార్డో, పుట్టినతేదీయో ఇస్తే వెతికిపెడుతుంది. దీంట్లో ఒక చిక్కుంది. మన అమ్మల పేర్లు ఇంగ్లీషులో ఎవరికి తోచినట్టు వాళ్లు రాశారు. సీతమ్మలో "సీ"కి రెండు "ఈ"లు పెట్టారో, ఒక "ఐ" పెట్టారో, ఇంటిపేరు ముందు రాశారో వెనక రాశారో. ఒకసారి రాలేదని ఆగిపోకండి. నాలుగైదు రకాలుగా రాసి చూడండి. చేతిలో పాత పాస్‌బుక్ ఉంటే ఈ బాధ చాలావరకు ఉండదు, బ్రాంచిలో చూపించి అడగొచ్చు. అందుకే కాటాకు వేయకండి అంటున్నాను.

ఇంకొకటి. బ్యాంకు ఖాతాకు నామినీ రూల్స్ వచ్చిందే 1985లో. అంతకుముందు తెరిచిన ఖాతాలకు ఎవరైనా గుర్తుపెట్టుకుని తర్వాత రాయించి ఉంటే తప్ప నామినీ ఉండరు. మా అమ్మ ఖాతాకూ లేదు. 2006లో అమ్మ పోయాక డెత్ సర్టిఫికెట్టు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్టు తీసుకుని, మా తమ్ముడి చేత సంతకం పెట్టించి తిరిగాను. అమ్మ ఏ బ్యాంకులో ఏ నంబరుతో దాచిందో నాకు తెలుసు కాబట్టి తిరగగలిగాను. ఇప్పుడు ఒక ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. బతికుండగా రాసుకోవడానికి పది నిమిషాలు పట్టదు. ఈ ఉత్తరం చదివే తల్లులు, తండ్రులు, మీ పాస్‌బుక్ ఎక్కడుందో ఇవాళే పిల్లలకు చెప్పండి. ఫోన్లో చెప్పినా చాలు.

బ్యాంకు పెద్దలకు కూడా నాదొక మనవి ఉంది. ఈ ఊళ్లో 1923లో లక్ష రూపాయలతో ఈ పని మొదలైందని చెప్పే ఒక గోడ కావాలి. బందరు బ్రాంచిలో ఒక్క గోడ. మొదలుపెట్టిన తేదీ, పట్టాభిగారి బొమ్మ, పాత ఇత్తడి టోకెన్లు, చేత్తో రాసిన లెడ్జరు అట్ట, ఇవన్నీ జనం డబ్బు వేయడానికి వచ్చినప్పుడు కనపడాలి. లెడ్జర్లలో మనుషుల లెక్కలుంటాయి, వాటిని బయట పెట్టమని అడగను. జనమే ఇష్టపడి ఇచ్చిన పాత పాస్‌బుక్కులు, నంబరు కప్పి, అద్దం వెనక పెట్టొచ్చు. మొదటి పుస్తకంగా మా అమ్మదే ఇస్తాను, 1977లో తడిసిన ఆ నీలం మరకల పుస్తకం. ఆ క్లర్కు దాన్ని రద్దు చేసినట్టు గీత కొట్టి మాకే తిరిగిచ్చాడు. నవంబరు 28 లోపల ఈ పని అయితే చాలా సంతోషిస్తాను.

ఏ బ్యాంకని కాదు, అన్ని బ్యాంకులకూ ఒక మాట. ఫారాలు తెలుగులో ఉండాలని రూలు ఉంది, చాలాచోట్ల ఉంటాయి కూడా. కౌంటరు మీద పెట్టకుండా అరలో పెడితే అవి ఉన్నట్టు ఎవరికి తెలుస్తుంది? ఫోనుకు వచ్చే మెసేజీలు ఇంగ్లీషులో వస్తుంటే పెద్దవాళ్లు పక్కింటి పిల్లలకు ఫోన్ ఇచ్చి చదివించుకుంటున్నారు. నిలవ ఎంతో పక్కింటివాళ్లకు తెలుస్తోంది. మోసగాళ్ల మెసేజీ ఏదో, బ్యాంకు మెసేజీ ఏదో వాళ్లకు తెలియడం లేదు. ఏడుగురో ఎనిమిది మందో మా వీధి ముసలమ్మలకు ఇప్పుడు నేను చదివిపెడుతున్నాను. మా అమ్మ వాళ్ల వయసులో తన నిలవ తానే చదువుకుంది, తెలుగు అంకెలు కాకపోయినా తెలుగు మాటల్లో రాసి ఇచ్చేవాళ్లు కాబట్టి.

ఎదురింటి పిన్నిగారి పాస్‌బుక్ సంగతి చెప్పి ఆపుతాను. ఆ రాత్రే హైదరాబాదులో ఉన్న పెద్దబ్బాయికి ఫోన్ చేశాను. "మా అమ్మకు బ్యాంకు ఖాతా ఉందా అక్కయ్యా?" అన్నాడు. ఉందని తెలియదు పాపం. పద్దులు ఫోన్లో ఒక్కొక్కటే చదవమన్నాడు. 1983 జూన్‌లో ఒకేసారి ఆరు వందలు తీసిన పద్దు దగ్గర ఆగమన్నాడు. కాసేపు మాట్లాడలేదు. "ఆ జూనులోనే నేను పాలిటెక్నిక్‌లో చేరాను. ఫీజు మేనమామ ఇచ్చాడని చెప్పింది అమ్మ" అన్నాడు.

తమ్ముడు అమెరికా నుంచి సంక్రాంతికి వస్తున్నాడట. ఇద్దరూ కలిసి బందరు వచ్చి కాగితాలు పెడతామన్నారు. అందాకా ఆ పుస్తకం మా ఇంట్లో, అమ్మ పుస్తకం పక్కనే ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచరు,
చిలకలపూడి, మచిలీపట్నం.